గంగులమ్మ లేదన్న కోడలు

గంగులమ్మ దేవుడికి అబద్ధం చెప్పదు. గొర్రెలు కొనే బేరగాడికి సగం నిజం చెబుతుంది. పోలీసుకు మాత్రం బుద్ధెరిగిన నాటి నుంచీ ఒక్క నిజమూ చెప్పి ఎరగదు. అది ఆమె తప్పనుకోకండి, పెంపకం. పులివెందుల నుంచి సింహాద్రిపురం పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి తిరిగితే వచ్చే ఆ పల్లెలో పిల్లలకు ఉగ్గుపాలతో పోసే విద్యే అది. ఖాకీ గుడ్డ కనబడగానే ముందు లేదనాలి. ఎవరు లేరు, ఎందుకు లేరు అన్నది తర్వాత తీరిగ్గా కనుక్కోవచ్చు.

ఊరు రెండు పార్టీలుగా చీలి ఉన్న రోజుల్లో గొడవ చేసినవాళ్ళు గుట్టలెక్కి పోయేవాళ్ళు. పోలీసులకేమో చూపించడానికి మనుషులు కావాలి. అందుకని ఆ చుట్టుపక్కల గొర్రెలు మేపుకుంటున్న అమాయకుణ్ణయినా జీపెక్కించేవాళ్ళు. గంగులమ్మ మొగుడు సరిగ్గా ఆ చుట్టుపక్కలే గొర్రెలు మేపేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు జీపు వాకిట్లో ఆగింది. జమాదారు దిగి, "నీ మొగుడు యాడమ్మా?" అన్నాడు. చేటలో శెనక్కాయలు చెరుగుతున్న ఆ కొత్త పెళ్ళికూతురు తలకూడా ఎత్తలేదు. "నాతో కొట్లాడి అలిగి మా పుట్టింటికి పోయినాడు సార్" అంది. మొగుడు పక్కనే దొడ్లో గొర్రెల మధ్య గొర్రెలా వంగి కూచున్నాడు. మొగుడు అలిగి పెళ్ళాం పుట్టింటికి పోవడం లోకంలో ఎక్కడైనా ఉందా? జమాదారు నమ్మాడు! ఊరు ఆ మాట తలచుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ రోజు నుంచీ వీధి మొగదల ఉన్న ఆమె అరుగు చెక్‌పోస్టయింది. ఆ అరుగు దాటి పోలీసులు ఒక్క మగవాణ్ణి కూడా తీసుకుపోలేదు. మొగుడు తర్వాతెప్పుడో జ్వరమొచ్చి పోయాడు గానీ జీపెక్కి పోలేదు. గంగులమ్మకు లోకంలో ఇంతకన్నా పెద్ద గర్వం లేదు. ఇప్పుడు ఆ పార్టీలూ లేవు, ఆ గుట్టలెక్కడాలూ లేవు. రెండు పార్టీల పిల్లలూ కువైట్లో ఒకే గదిలో మంచాలు పంచుకుని, ఒకే కుక్కర్లో పప్పు వండుకుంటున్నారు. రోగం పోయింది, అలవాటు మిగిలింది.

ఆమె కొడుకు మోహన్ కూడా కువైట్ పోయినవాడే. ఒక సేఠు ఇంట్లో డ్రైవరు. అదే ఇంట్లో పిల్లల్ని ఆడించడానికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన గ్లోరియా ఉండేది. ఇతను బడి దగ్గర పిల్లల్ని దించి వచ్చే కారులో ముందు అరబ్బీలో, తర్వాత తెలుగులో మాటలు పెరిగాయి. తెలుగు నేర్పింది మోహన్ ఒక్కడే కాదు. పక్కిళ్ళలో పనిచేసే రాయచోటి ఆడవాళ్ళు తిట్ల దగ్గర మొదలుపెట్టి మిగతాది నేర్పారు. ఇద్దరికీ ఆమె ఊరి చర్చిలో ఒకసారి, మన ఊరి గుళ్ళో ఒకసారి పెళ్ళయింది. రెండు దేశాల దేవుళ్ళూ ఒప్పుకున్నారు. గంగులమ్మ మాత్రం నెలరోజులు మూతి ముడుచుకుంది. తమ్ముడి కూతురు నందినిని కోడలిగా చేసుకుందామని ఆమె ఏనాటి నుంచో అనుకుంటూ ఉంది మరి.

గ్లోరియా అనడానికి నోరు తిరగక ఆమె కోడలికి గౌరి అని పేరు పెట్టింది. "గంగా గౌరీ ఒకే ఇంట్లో ఉంటే శివుడికే తలనొప్పి, మోహన్‌గాడెంత" అని ఎదురింటి యల్లయ్య అననే అన్నాడు. ఈ యల్లయ్య ఊళ్ళో పెద్దమనిషి, గంగులమ్మకు వరసకు బావ. పాత గొడవల్లో పోలీసులకు తప్పుదారి చూపించడంలో ఆమె తర్వాత ఆయనే.

గౌరి వచ్చింది టూరిస్టు వీసా మీద. అది తొందరగా వస్తుందని మోహన్ అదే తీసుకున్నాడు, తర్వాత మార్చుకోవచ్చులే అని. టూరిస్టు అన్నవాళ్ళు ఏం చేయాలి? తాజ్‌మహల్ చూడాలి, ఫోటో దిగాలి, పోవాలి. ఈ టూరిస్టు తెల్లారి లేచి దొడ్లో పెంటికలు ఊడ్చింది, సంగటి కెలికింది, ఈనిన గొర్రెకు పురుడు పోసింది. ఒకే ఒక్కసారి మోహన్ ఆమెను బండి మీద ఎక్కించుకుని జమ్మలమడుగు దాటి గండికోట చూపించుకొచ్చాడు. ఆమె టూరిజం మొత్తం అంతే. కొంచెం కొంచెంగా గంగులమ్మ మూతి కూడా మామూలుగా అయింది. అయినా పైకి చెబుతుందా? అత్త కదా.

వీసా గడువు దగ్గర పడుతోంది. దాన్ని భార్యగా ఉండే వీసాకు మార్చుకోవాలి, లేకపోతే ఆమె దేశం వదిలి పోవాలి. ఈ సంగతి విని ఊరు విరగబడి నవ్వింది. ఇంటికొకరు చొప్పున కువైట్లో ఉండనిచ్చే అకామా కాగితం గడువు ఎప్పుడు ముగుస్తుందా, సేఠు మళ్ళీ రాయిస్తాడా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికే ఊరది. అలాంటివాళ్ళకు కూడా తమ ఊరు ఇంకొకరికి విదేశమవుతుందని ఏనాడూ తోచలేదు. "ఈ ఊళ్ళో ఉండేదానికి పరిమిషన్ కావాల్నా?" అన్నాడు యల్లయ్య. "వదిలిపెట్టి పోయేదానికి గదప్పా కావాల్సింది! బోరింగులో నీళ్ళు కూడా రావు."

ప్రొద్దుటూరులో రాఘవేంద్రప్రసాద్ అని ఒకతను ఉన్నాడు. తండ్రిది బంగారం అంగడి. ఈయన ఆ అంగడి పైన మేడ మీద కూచుని వీసాల పని చూస్తాడు. కింద తండ్రి గీటురాయి మీద బంగారం గీసి చూసినట్లే, ఈయన పైన మనుషుల్ని గీసి చూస్తాడు. పెళ్ళి సర్టిఫికెట్టు, ఫోటోలు, పాస్‌పోర్టు అన్నీ కంప్యూటర్లో ఎక్కించి మోహన్‌తో అన్నాడు: "ఇంగ ఒకటే ఉంది. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. మొగుడూ పెండ్లామూ నిజంగా కలిసి ఉంటాండారా లేదా అని ఇరుగుపొరుగును అడుగుతారు. అందురూ ఉంటాండారంటే సరి, పనైపోయినట్లే."

కువైట్ వదిలి వచ్చేసిన మోహన్ ఇప్పుడు తుమ్మలపల్లె గనికి మనుషుల్ని చేరవేసే బస్సు నడుపుతున్నాడు. పొద్దున్నే బస్సెక్కే హడావిడిలో చెప్పులు వేసుకుంటూ తల్లితో, "మా, ఈ వారంలో పోలీసులొస్తారు, గౌరి గురించి అడుగుతారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. నిజం చెప్పమని వేరే చెప్పాలని ఆ తెలివైనవాడికి తట్టలేదు. తట్టాల్సింది. ఆ ఊళ్ళో పుట్టినవాడు కదా!

గంగులమ్మ గభాలున అరుగు మీదికొచ్చింది. పోలీసులు! కోడలి కోసం! పిల్ల ఏం చేసింది పాపం?

మర్నాడు కానిస్టేబులు మౌలాలి రోడ్డు మీది టీ కొట్టు దగ్గర బండి ఆపి దారి అడిగాడు. అతను టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల కబురు వీధికి చేరింది. చాలా ఏళ్ళకు గంగులమ్మకు పని పడింది. ముసలిదైనా చేయి మరిచిపోలేదు. "గౌరీ, గొర్రెల్ని గుట్ట మీదికి తోలుకోని పో, నేను పిలిచేదాకా రాబాక" అని కోడల్ని పంపేసింది. దండెం మీది ఆమె బట్టలు తీసి పెట్లో కుక్కింది. గూట్లోని సబ్బు పెట్టె, దువ్వెన, గోళ్ళ రంగు సీసా చేటలో వేసి దాచేసింది. గోడ మీది పెళ్ళి ఫోటోను జొన్నల గాదెలో పూడ్చిపెట్టింది. కడపటికి గడప దగ్గర ఉన్న రంగుల చెప్పులు కూడా గుర్తొచ్చాయి. అబ్బా, ఏం పనితనం! ఆ ఇంట్లో గంగులమ్మ తప్ప ఆడ పురుగు ఉన్న ఆనవాలు లేదు.

మౌలాలి కమలాపురం వైపువాడు, నెమ్మదైన మనిషి. ఫైలు తెరిచి మర్యాదగా అడిగాడు. "అవ్వా, గ్లోరియా అనే ఆమె, నీ కోడలంట, ఈ ఇంట్లో ఉంటాందా?"

"ఎవరు? ఆ పేరుగల్లోళ్ళు ఈడ ఎవరూ లేరు సామీ."

"విదేశం ఆమె అవ్వా. మోహన్ పెండ్లాము."

"మా మోహన్‌కు పెండ్లామా?" అని గంగులమ్మ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు బంగారు గొలుసు వేయొచ్చు.

మౌలాలి ఎదురింటికి పోయాడు. అక్కడ యల్లయ్య మంచం వాల్చి సిద్ధంగా ఉన్నాడు. "ఆ పిల్లోనికి పెండ్లే కాల్యా సార్. సంబంధాలు చూస్తాండాం. మీ ఎరికలో మంచి పిల్ల ఉంటే చెప్పండి, పుణ్యముంటాది" అన్నాడు. వీధి చివరిదాకా మౌలాలి అడిగాడు, వీధి చివరిదాకా లేదన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ ఊళ్ళో నోరు మూసుకుంటేనే ఊరు మంచిది. మౌలాలి విన్నది విన్నట్టు రాసుకుని బండెక్కాడు.

కొన్నాళ్ళకు రాఘవేంద్రప్రసాద్ ఫోను చేశాడు. వీసా మార్చడం కుదరదని జవాబొచ్చింది. ఆ చిరునామాలో ఆమె లేదు, అతనికి పెళ్ళి కాలేదు, సంబంధాలు చూస్తున్నారు అని విచారణలో తేలింది కాబట్టి గడువులోగా దేశం విడిచి పోవాలి. "ఏందప్పా ఇది? నాకు ఫోటోలిచ్చినావు, ఆడేమో పిల్లను ఎతుకుతాండారంట!" అని ఆయన మోహన్ మీదే విరుచుకుపడ్డాడు. ఇంకొక్కసారి విచారించమని అడగొచ్చు, అదీ పోతే ఆమె తిరిగి రావడం దేవుడెరుగు అన్నాడు.

మోహన్ వీధిలోకొచ్చి, "ఎవురు చెప్పింది లేదని?" అని గట్టిగా అరిచాడు. ఊరు పండగలా బయటికొచ్చింది. "మేమే! ఒక్కరు నోరు జారల్యా, చిన్నపిల్లోళ్ళు కూడా చెప్పల్యా" అన్నారు. యల్లయ్య మీసం మీద చెయ్యేసుకున్నాడు. మోహన్ మెచ్చుకుంటాడనుకుంటే అతను అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. సంగతి చెప్పాక ఊరందరి మొహాలూ వాడిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

గౌరి మాత్రం ఏమీ అరవలేదు. సంబంధాలు చూస్తున్నారు అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఎవరితో సంబంధమో ఆమెకు వేరే చెప్పాలా? నందిని పేరు ఆ ఇంట్లో వినిపించని పండగ లేదు. అత్త కావాలనే లేదంది, తనను పంపేసి తమ్ముడి కూతుర్ని తెచ్చుకోవడానికే అంది. ఆమె లెక్క అలా కుదిరిపోయింది. పెంటికలు ఊడ్చింది, సంగటి కెలికింది గానీ అత్తా అని పిలవడం మానేసింది. పెట్టె తెచ్చి మంచం పక్కన పెట్టుకుని ఒక్కొక్క బట్టా మడిచి పెడుతోంది.

"నోటికి అలవాటుగా వచ్చింది గౌరీ" అంది గంగులమ్మ ఒకసారి. గౌరి ఇంకో బట్ట మడిచి పెట్లో పెట్టింది. గంగులమ్మకు ఏడుపొచ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, దొడ్లోకి పోయి గొర్రెల మధ్య కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంట్లో ఆ పిల్ల నవ్వు లేకపోతే ఎలా ఉంటుందో ఆమెకు ముందే తెలిసిపోయింది.

రెండోసారి విచారణకు మౌలాలే వచ్చాడు. ఈసారి మోహన్ బస్సు మానుకుని ఇంట్లో ఉన్నాడు, గౌరి గడప దగ్గర నిలబడి ఉంది. వీధిలో ప్రతి గడపా ఎక్కి, "నిజం చెప్పండి నాయనా, ఉన్నది ఉన్నట్లు చెప్పండి" అని దండం పెట్టి వచ్చాడు. చెప్పడం తేలికే. అలవాటు లేని పని ఒక్కసారిగా చేయమంటే ఎవరికైనా కష్టమే కదా. నిజం చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఆ వీధిలో ఒక్కరికీ తెలియదు.

"ఉండాది సార్, ఉండాది!" అని యల్లయ్య ఎదురొచ్చాడు. "బంగారట్లాంటి పిల్ల. చిన్నప్పట్నుంచి మా కండ్ల ముందర పెరిగింది."

మౌలాలి పెన్ను ఆగింది. "ఫిలిప్పీన్స్ ఆమె మీ కండ్ల ముందర పెరిగిందా?"

"మన అంగన్‌వాడీలోనే సార్" అని వెనక నుంచి ఇంకొకామె సాయం పట్టింది. ఇంకొకాయన ఓటు కూడా ఇక్కడే వేసిందన్నాడు. మోహన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మౌలాలి నెమ్మదైన మనిషే, అతనికీ ఓపిక అయిపోయింది. "ఆ పొద్దు అట్లాంటి మనిషే లేదంటిరి. ఈ పొద్దు ఈడనే పెరిగిందంటాండారు. ఈమెను యాడనుంచో పిలుచుకొచ్చి నిలబెట్టినారో ఏమో నాకేం తెలుసు? అవ్వా, ఆ పొద్దు మొదట లేదనింది నువ్వే. ఈమె నీతో ఈ ఇంట్లో ఉంటాందా లేదా? నువ్వు చెప్పే మాటే రాస్తా, రాసి పోతా."

వీధంతా గంగులమ్మ వైపు తిరిగింది. ఆమె నోరు తెరిచింది. ఎదురుగా ఖాకీ గుడ్డ. కొడుకు కళ్ళతో బతిమాలుతున్నాడు. రాత్రంతా పాఠంలా అనుకున్న మాటే, ఉందని ఒక్క ముక్క. నాలుక మాట వింటే కదా!

"నాకేం తెలీదు సార్" అంది గంగులమ్మ.

అంతే. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న గౌరి భగ్గుమంది.

"తెలీదా? నేను తెలీదా నీకు?" అని ముందుకొచ్చింది. "పొద్దున నీకు కాఫీ ఎవురు ఇస్తాండారు? నీ కాలికి నూనె ఎవురు రాస్తాండారు? నా షాంపూ అంతా పొట్టేలు మీద పోస్తివి, ఒక్క మాట అన్యానా నేను?"

"దానికి పేలు పడితే పోయకుండా ఏం చేస్తారే?" గంగులమ్మ నోరు ఇప్పుడు తెరుచుకుంది. "నువ్వు చేసేది ఏంది? చేతిలో మైకు పట్టుకోని పాటలు పాడి, సూడి గొర్రెల్ని బెదరగొట్టేది! ఎండుచేపలు కాల్చి ఇల్లంతా కంపు చేసేది! నేనెవురికన్నా చెప్పుకున్యానా?"

"చెప్పినావు! యల్లయ్య మామకు చెప్పినావు!"

"మంచి కూడా చెప్పినా, అది చెవిన పడల్యా నీకు?"

"ఖలాస్ అత్తా. నేను పోతా. నువ్వు నందినిని తెచ్చుకో. అందుకే గదా నన్ను లేదన్యావు!"

గంగులమ్మ ఆ మాటకు నిలువునా మండిపోయింది. "నీ పాసుగాల! ఎవురే నీకు ఆ మాట చెప్పింది?" అని కోడలి కుడిచేతి రెట్ట పట్టుకుని గుంజింది. "పోలీసోళ్ళు వచ్చి మొగున్ని అడిగితే లేడన్యా. మరిదిని అడిగితే లేడన్యా. మనోళ్ళని అడిగితేనే గదనే లేదనేది! నువ్వు పరాయిదానివైతే నాకేం బాధ? అదిగో గుట్ట మీద ఉండాది, తీసకపోండి సార్ అని చెయ్యి చూపించి, నా పని నేను చూసుకుంటాంటి. నా కడుపున పుట్టినదాని మాదిరి దాచిపెట్టుకున్యానే నిన్ను! నువ్వు అది తెలుసుకోలేకపోతివి, ఏం తెలుగు నేర్చుకున్యావే నువ్వు?"

గౌరి అలాగే నిలబడిపోయింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి కుడిచేయి ఖాళీ లేదు, అత్త చేతిలో ఉంది.

మౌలాలి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూచున్నాడు. "నిన్న మా ఇంట్లో మాయమ్మ, నా పెండ్లాము ఇదే కొట్లాట. ఆడ ఎండుచేపలు గాదు, మిక్సీ" అన్నాడు. "ఒక పొయ్యి కాడ ఉంటే తప్ప ఇట్ల తిట్టుకోలేరప్పా. పిలుచుకొచ్చి నిలబెట్టినోళ్ళు మర్యాదగా మాట్లాడతారు." ఫైలు మోకాలి మీద పెట్టుకుని, యల్లయ్య చెప్పిందంతా కొట్టేసి, రాయడం మొదలుపెట్టాడు. ఆ రాతతోనే తర్వాత గౌరి వీసా మారింది. కానీ ఆ పూట పని ఇంకొంచెం మిగిలే ఉంది.

రాసింది చదివి వినిపించాడు. ఈమె నా కోడలు, నా కొడుకుతో, నాతో ఈ ఇంట్లోనే ఉంటున్నది, ఇది నా ఇష్టపూర్వకంగా ఇచ్చిన సాక్ష్యం. తర్వాత ఇంకు డబ్బా మూత తీసి గంగులమ్మ ముందు పెట్టాడు.

చుట్టూ మూగినవాళ్ళంతా ఒక అడుగు వెనక్కి వేశారు. పోలీసు కాగితం మీద వేలు వేసినవాళ్ళు ఆ ఊళ్ళో రెండే రకాలు. ముద్దాయిలు, సాక్షులు. ముద్దాయికి ఊళ్ళో మర్యాద ఉంది. జైలు నుంచి వస్తే ఎదురు పోయి దండ వేస్తారు. సాక్షికి నిప్పు కూడా అప్పివ్వరు. "గంగులూ, వద్దు. మొగుణ్ణే కాపాడుకుంటివి గదా సాక్ష్యం చెప్పకుండానే" అని యల్లయ్య గొంతు తగ్గించి అన్నాడు. ఆయనకు నిజంగానే భయమేసింది.

గంగులమ్మ ఆయన వైపు చూడలేదు. "సార్, దాచిపెట్టిన మనిషి ఆచూకీ నా నోటితో నేనే చెప్పినా. దీన్ని పట్టుకోని తర్వాత వచ్చి పిల్లను తీసకపోరు గదా?" అని అడిగింది.

"తీసకపోరవ్వా. ఈడ ఉండనిచ్చేదానికే ఇదంతా."

అతను చెప్పింది ఆమె నమ్మలేదు. పోలీసు మాట నమ్మడం ఆమె వల్ల అయ్యే పని కాదు. నమ్మకుండానే, ఎడమచేతి బొటనవేలు ఇంకులో ముంచి కాగితం మీద గట్టిగా అదిమింది. కుడిచేత్తో కోడలి రెట్ట అలాగే పట్టుకుని ఉంది.

మౌలాలి కాగితం ఆరబెట్టుకుని, ఫైలు కట్టుకుని, బండెక్కాడు. బండి వీధి మలుపు తిరిగింది, రోడ్డెక్కింది. మోహన్ నవ్వుతూ తల్లి దగ్గరికొచ్చాడు. ఆమె వాడిని పట్టించుకోకుండా రోడ్డు వైపే చూస్తోంది.

"అత్తా, పోయినాడు" అంది గౌరి. "చెయ్యి ఇడువు. నొస్తాంది."

"నొయ్యనీ" అంది గంగులమ్మ.